సగ్గుబియ్యంలో తూటా

ఆర్కాన్సాస్‌లో నేను పదకొండేళ్ళు కాపురమున్న చిన్న ఊళ్ళో, ఏ వస్తువు గట్టిదో ఏది కాదో తేల్చి చెప్పే అధికారం నాకొక్కడికే ఉండేది. ఎవరిచ్చారని అడగకండి. నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది టెస్టింగ్ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనప ముక్కల్ని నొక్కి, వంచి, విరిచి, ఎక్కడ విరిగిందో కాగితం మీద రాయడం నా పని. చుట్టుపక్కల నలభై మైళ్ళలో తెలుగువాళ్ళు తొమ్మిది కుటుంబాలు. ఎనభైల మొదట్లో ఆ తొమ్మిది కుటుంబాల్లో ఎవరు కారు టైరు కొన్నా, ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ మార్చినా, తెచ్చి నా ముందు పెట్టి “ఇది ఆగుతుందంటారా?” అనేవారు. నేను దాన్ని రెండు వేళ్ళతో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి, కళ్ళు సగం మూసి “ఇరవయ్యేళ్ళు” అనేవాణ్ణి. ఎప్పుడూ పందొమ్మిది అన్న పాపాన పోలేదు.

నాకో జబ్బుంది. ఏ అంకె అయినా నా నోట్లో పడితే నానబోసిన శనగల్లా ఉబ్బుతుంది. మూడంగుళాల మంచు కురిస్తే మా ఇల్లు పొగగొట్టం దాకా మునిగిపోతుంది. పెరట్లోకి ఒక లేడి వస్తే మంద వస్తుంది. ఈ సంగతి మా తొమ్మిది కుటుంబాలకీ తెలుసు. నేను ఏది చెప్పినా నాలుగుతో భాగించుకుని, నవ్వుకుని, ఇంటికి పోయేవారు. భాగించకుండా మొత్తం నమ్మేవాడు ఒక్కడే. మందుల షాపులో ఫార్మసిస్టుగా చేసేవాడు, నాకంటే నాలుగేళ్ళు చిన్న, నన్ను “అన్నగారూ” అని పిలిచేవాడు. మాత్రలు లెక్కపెట్టే మనిషి కదా, అంకెలతో ఎవరైనా ఆటలాడతారని అతని బుర్రకి తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం అతనూ భార్యా పాపకి టీకా వేయించడానికి వెళ్ళి వచ్చేసరికి ఇంటి వెనక తలుపు బద్దలై ఉంది. కలర్ టీవీ లేదు, దేవుడి దగ్గర వెండి కుందులు లేవు, ఫ్రిజ్‌లో పెట్టిన గారెలు కూడా లేవు. గారెల సంగతి నేను కలిపాననుకుంటారేమో, కాదు, అది నిజం. పోయిన టీవీకి అతను ఏడవలేదు గానీ, పగలంతా ఆ ఇంట్లో నాలుగు నెలల పాపతో ఒక్కతే ఉండే భార్యను తలుచుకుని అతని ముఖం పాలిపోయింది. వారం తిరక్కుండా ఒక నైన్ మిల్లీమీటర్ పిస్తోలు కొన్నాడు. కొని, పెట్టెతో సహా నా దగ్గరికి తెచ్చాడు.

“అన్నగారూ, కొట్టువాడు రెండు రకాల తూటాలు చూపించాడు. ఒకటి మామూలుది, ఒకటి ముక్కు దగ్గర చిన్న గుంట ఉన్నది. ఆ గుంటదైతే మనిషికి తగలగానే విచ్చుకుని లోపలే ఆగిపోతుందట. మామూలుదైతే అవతలికి దూసుకుపోయి గోడలు కూడా దాటుతుందట. మా ఇంట్లో గోడవతల పాప. నిజమేనా, సేల్స్ కోసం చెప్పాడా? మీరు టెస్ట్ చేసి చెప్పండి.”

ఏం చెయ్యాలో తెలియని సంగతిలో “తెలియదు” అనడం నా చేతకాని పని. “రెండు వారాలివ్వు” అన్నాను.

మా పక్కింటి ముసలాయన రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. గ్యారేజీలో కూర్చుని తన తూటాలు తానే నింపుకునేవాడు. ఆయన్నడిగితే, ఇలాంటి పరీక్షలకి జెలటిన్ దిమ్మ పోసుకుని, ఫ్రిజ్‌లో గట్టిపరిచి, దాన్లోకి కాల్చి చూస్తారని చెప్పాడు. అది ఇంచుమించు కండలాగా పనిచేస్తుందట. కొట్టుకెళ్ళి జెలటిన్ డబ్బాలు సంచీడు తెచ్చాను. మా ఆవిడ డబ్బా తిప్పి వెనకనున్న అక్షరాలు చదివింది.

“ఇది ఎముకల జిగురు.”

“సైన్సు.”

“సైన్సయితే మీ ఫ్యాక్టరీ ఫ్రిజ్‌లో పెట్టుకోండి. నా ఫ్రిజ్‌లో పెరుగుంది.”

ఫ్యాక్టరీ ఫ్రిజ్‌లో పెడితే ఫోర్‌మన్ తినేస్తాడు. వాదించి గెలిచే అవకాశం లేదు గనక, శాకాహారపు కండ ఒకటి కనిపెట్టాల్సి వచ్చింది. ప్రపంచ చరిత్రలో ఆ అవసరం మాకే వచ్చిందనుకుంటాను. చివరికి దారి చూపించింది కూడా మా ఆవిడే. వడియాలకి కాచే సగ్గుబియ్యం గంజి చిక్కగా దింపితే రాయిలా పేరుకుంటుంది కదా అంది. అక్కడ సగ్గుబియ్యాన్ని టేపియోకా అని పుడ్డింగు చేసుకోవడానికి చిన్న చిన్న డబ్బాల్లో అమ్మేవారు. మూడు ఊళ్ళలో ఉన్న డబ్బాలన్నీ ఊడ్చుకొచ్చాను. ఆ నెల ఆర్కాన్సాస్‌లో పుడ్డింగు తిన్నవాడు లేడు. మా ఆవిడ అలవాటు కొద్దీ గంజిలో ఉప్పు, జీలకర్ర వేసింది, పచ్చిమిరపకాయలు నూరబోతుంటే ఆపాను. కేకు డబ్బాల్లో పోసి, రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే, తట్టినప్పుడు తొడ మీద కొట్టినట్టు చప్పుడు చేసే దిమ్మలు తయారయ్యాయి. ముసలాయన వేలితో ఒక ముక్క తీసి నాలిక మీద వేసుకుని, “పంచదార తక్కువైంది” అన్నాడు.

ఆయన పచ్చిక బయలు చివర మట్టికట్ట ముందు చెక్క వేసి, దాని మీద నాలుగేసి దిమ్మలు వరసగా పేర్చి, పదడుగుల నుంచి ఆ గుంట తూటాల్నే కాల్చాం. కాల్చింది ఆయనే, చెవులు మూసుకోవడం నా వంతు. దిమ్మల వరస మార్చి మార్చి మొత్తం ఐదుసార్లు. మూడు తూటాలు రెండో దిమ్మలో ఆగాయి. చేత్తో కెలికి తీసి చూస్తే, ముక్కు ఆరు రేకులుగా విచ్చుకుని గుమ్మడిపువ్వులా ఉంది. అంత అందమైన వస్తువు మా ఫ్యాక్టరీలో ఏనాడూ తయారు కాలేదు. మిగిలిన రెండూ విచ్చుకోకుండా నాలుగు దిమ్మలూ దాటి మట్టికట్టలోకి పోయాయి. ఆ దిమ్మలు సరిగ్గా పేరుకోలేదని నాకు నేనే చెప్పుకుని, ఆ రెంటినీ లెక్కలోంచి తీసేశాను. జీలకర్ర గంజి ఆ బయలంతా చిమ్మితే ముసలాయన కుక్క సాయంత్రం దాకా నాకింది.

ఆ శనివారం తొమ్మిది కుటుంబాలూ మా ఇంట్లోనే చేరాయి. భోజనాలయ్యాక, కెమెరా ఫిల్ము వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి ఆ మూడు గుమ్మడిపువ్వుల్నీ పళ్ళెంలోకి ఒంపాను. ఆడవాళ్ళు కూడా వంటింట్లోంచి వచ్చి చూశారు. జబ్బు తిరగబెట్టింది. ఐదు కాల్పులు యాభై అయ్యాయి. యాభైకి యాభై విచ్చుకున్నాయన్నాను. ఆరంగుళాలు దాటి ఒక్కటి కూడా ముందుకు పోతే నా పేరు మార్చుకుంటానన్నాను.

“మీరిప్పటికి మార్చుకున్న పేర్లు ఎన్నండీ?” అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఫార్మసిస్టు మిత్రుడు నవ్వలేదు. ఒక తూటాని అరచేతిలో పెట్టుకుని రేకులు లెక్కపెడుతున్నాడు. అతని భార్య, పాపని భుజాన వేసుకుని, పళ్ళెం దగ్గరికి వచ్చింది. మాటలు తక్కువ మనిషి. అందరిలో ఎప్పుడూ నన్ను ఏమీ అడిగేది కాదు.

“అన్నయ్యగారూ, అయితే గోడ దాటదు కదా?”

“దాటదమ్మా.”

“మా బెడ్రూమ్‌కి, పాప గదికి మధ్య ఒకటే గోడ. అందుకని అడిగాను.”

“మనిషినే దాటనిది గోడనేం దాటుతుంది? నువ్వు నిశ్చింతగా ఉండు.”

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఆ మూడు వాక్యాల్లో ఒక్క అంకె లేదు. ఎవరూ నాలుగుతో భాగించుకోవడానికి వీల్లేకుండా చెప్పాను.

తరవాతి వారం కంచె దగ్గర ముసలాయన కలిసి, “మీవాడి ఇంటి గోడ దేంతో కట్టింది?” అన్నాడు. అక్కడ అందరి ఇళ్ళకీ లోపలి గోడలు ఒకటే రకం. అట్టల మధ్య సుద్ద పోసిన పలకలు, ఇటొకటి అటొకటి, మధ్యలో ఖాళీ. “అలాంటి పలకలు రెండు నా గ్యారేజీలో ఉన్నాయి. వాటిని ముందు పెట్టి కాల్చకపోతే మనం చేసింది సగం పనే” అన్నాడు. నాకు సరదాగానే అనిపించింది. మా ఆవిడ మళ్ళీ గంజి కాచింది. ఈసారి జీలకర్ర వెయ్యలేదు.

మూడుసార్లు కాల్చాం. మూడు తూటాలూ రెండు పలకలనీ దాటాయి, నాలుగు దిమ్మలనీ దాటాయి, మట్టికట్టలోకి పోయాయి. ముసలాయన పారతో తవ్వి ఒకదాన్ని తీసి, ప్యాంటుకి తుడిచి నా చేతిలో పెట్టాడు. విచ్చుకోవడం మాట అటుంచి, ఆకారం కూడా చెదరలేదు. ముక్కు దగ్గరి గుంటలో సుద్దపొడి గట్టిగా దట్టించుకుపోయి ఉంది, పిప్పిపంటిలో డాక్టరు సిమెంటు కూరినట్టు. గుంట పూడిపోయాక అది మామూలు తూటాయే.

“ఇదీ నీ జవాబు. వాణ్ణి కుక్కని పెంచుకోమను” అన్నాడు ముసలాయన.

దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఫోను చూపించి, “ఇప్పుడే చేసి చెప్పండి” అంది. “ఫోన్లో చెప్పే విషయం కాదు, కలిసినప్పుడు చెప్తాను” అన్నాను. కలిశాం. ఆ నెలలో నాలుగుసార్లు కలిశాం. ఒకసారి అతనే తూటాల పెట్టె తెచ్చి, “మీరు చెప్పినవే కొన్నాను, చూడండి” అని చూపించాడు కూడా. చెప్పడానికి నోరు తెరిచాను. అక్కడ మరో రెండు కుటుంబాలున్నాయి. యాభైకి యాభై అన్న మనిషిని, వాళ్ళ ముందు మూడుకి మూడు తప్పాయని ఎలా చెప్పడం? “మంచి బ్రాండు” అన్నాను. అంతే అన్నాను.

మా ఆవిడ రోజూ అడిగేది. చారులో పోపు వేస్తూ, బట్టలు మడతపెడుతూ, “చెప్పారా?” అనేది. ఒకరోజు విసుగొచ్చి “చెప్పాను” అన్నాను. ఆమె నమ్మింది. ఆ తూటాని నా షేవింగ్ సామాన్ల సంచీలో, పాత బ్లేళ్ళ కింద పెట్టాను.

పలకల మీద కాల్చి చూసి అప్పటికి రెండు నెలలు. ఒక ఆదివారం మధ్యాహ్నం అతని దగ్గర్నుంచి ఫోను. “అన్నగారూ, ఒక్కసారి రండి” అని పెట్టేశాడు. వాళ్ళిల్లు ఇరవై నిమిషాల దూరం. పన్నెండు నిమిషాల్లో వెళ్ళానని చెప్పుకోవాలనుంది గానీ, అడ్డదారి తప్పి ఇరవై ఐదు పట్టింది.

తుపాకీ తుడుద్దామని తూటాలుండే మ్యాగజైన్ ఊడదీశాడట. గొట్టంలో ఒక తూటా ఉండిపోతుందని మరిచాడట. ఖాళీదే కదా అని గోడవైపు పెట్టి మీట నొక్కాడట. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అతని పక్కన గోడలో చిటికెన వేలు పట్టే కన్నం. నేను అవతలి గదిలోకి వెళ్ళాను. గోడకి ఆనించి పాప మంచం. చుట్టూ ఉన్న చెక్క ఊచల్లో ఒకటి విరిగి, కొస పరుపు మీద పడి ఉంది. దిండుకి జానెడు పైన. తూటా గది దాటి, ఎదుటి అలమారలో ఉన్న బియ్యం బస్తాలో ఆగింది. అలమార ముందు కార్పెట్ మీద బియ్యం ధారగా కారి కుప్పపడింది.

పాప వంటింట్లో తల్లి ఒళ్ళో ఉంది. రోజూ ఆ వేళకి పడుకుంటుందట. ఆరోజు పేచీ పెట్టి, అన్నం ముద్ద మింగకుండా బుగ్గన పెట్టుకుని కూర్చుందట. నేను వెళ్ళేసరికీ అలాగే ఉంది, బుగ్గ ఉబ్బించుకుని నావైపు చూస్తూ.

“తప్పంతా నాదే అన్నగారూ” అన్నాడతను, నేను తిరిగి అతని గదిలోకి రాగానే. “మొదటి పెట్టె మీరు చూసినదే. పోయిన వారం అది ప్రాక్టీసులో అయిపోతే, ఆ కొట్లో స్టాక్ లేదంటే వేరే బ్రాండు తెచ్చాను. మీరు టెస్ట్ చేసింది వాడి ఉంటే గోడలో ఆగిపోయేది. ఫార్మసిస్టునై ఉండి, రాసిన మందు మార్చి ఇచ్చుకున్నాను.”

అక్కడ చెప్పాల్సింది. గదిలో మూడో మనిషి లేడు, ఇద్దరమే. బియ్యం బస్తాలోంచి తీసిన తూటా టేబుల్ మీద ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. గుంటలో తెల్లటి సుద్ద. నా షేవింగ్ సంచీలో ఉన్నదానికి కవల.

“పోనీలే, ఏం కాలేదుగా” అన్నాను.

“ఉంచుకోండి. మీ రీసెర్చ్‌కి పనికొస్తుందేమో” అన్నాడు. జేబులో వేసుకున్నాను.

దీనికంటే సిగ్గుమాలిన సంగతి ఇంకొకటుంది. శనివారాల్లో ఈ కథ నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎవరో అడిగారు, నేను చెప్పాను. నవ్వు వచ్చింది. మళ్ళీ చెప్పాను. బియ్యం బస్తా ఐదు బస్తాలైంది, బియ్యం కార్పెట్ దాటి వీధిలోకి కారింది, ఫార్మసిస్టు బీరువాలో దూరి తలుపేసుకున్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. అతను కూడా వాళ్ళ మధ్య కూర్చుని, “నిజమే, మందు మార్చేశాను” అని తానే అందించేవాడు. ఒక్క మా ఆవిడ మాత్రం నవ్వేది కాదు. చెప్పానన్నది అబద్ధమని ఆమెకి ఆ ఆదివారమే తెలిసిపోయింది. కథ మొదలుపెట్టగానే లేచి వంటింట్లోకి పోయేది.

అతను పిస్తోలు అమ్మేశాడు. పాపని ఎత్తుకునేవాడు గానీ, గోళ్ళు తియ్యడానికి కూడా కత్తెర ముట్టుకునేవాడు కాదు. అది కూడా నా కథలో చేర్చుకున్నాను కొన్నాళ్ళు.

మూడేళ్ళ తరవాత అతనికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఖాళీ చేసే రోజు సాయం చెయ్యడానికి వెళ్ళాం. అతను బయట అద్దె ట్రక్కులో సామాను సర్దుతున్నాడు. నేను బెడ్రూమ్‌లో గోడకున్న క్యాలెండర్లు తీస్తున్నాను. ఒక క్యాలెండర్ కింద ఆ కన్నం అలాగే ఉంది. పూడ్చలేదు. కన్నంలోంచి చూస్తే అవతల ఖాళీ గది కనిపించింది, అందులో అతని భార్య నేల ఊడుస్తోంది.

రెండు తూటాలూ ఆ రోజు నా జేబులోనే ఉన్నాయి. ఎందుకు తెచ్చానో పొద్దున్న బయల్దేరేటప్పుడు నాకు తెలియదని చెబితే అబద్ధం. అవతలి గదిలోకి వెళ్ళి రెంటినీ కిటికీ గట్టు మీద పెట్టి చెప్పాను. సుద్దపలకలు, మట్టికట్ట, మూడుకి మూడు. బ్రాండు మార్చడం వల్ల కాదు, ఏ బ్రాండైనా దాటేదే. వాళ్ళ ఇంట్లో పేలడానికి రెండు నెలల ముందే నాకు తెలుసు. అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను.

ఆమె చీపురు గోడకి ఆనించింది.

“అంతకు ముందు పాప మంచం కిటికీ పక్కన ఉండేది అన్నయ్యగారూ” అంది. “గాలి బాగా వస్తుందని. చలికాలం వస్తోందని లోపలి గోడకి జరుపుదామనుకున్నాను. కానీ ఆయన తుపాకీ అవతలే ఉంటుంది కదా అని భయమేసి, ఆ శనివారం మిమ్మల్ని అడిగాను. మీరు దాటదన్నారు. మర్నాడు పొద్దున్న జరిపాను.”

కిటికీ అక్కడే ఉంది. మంచం నాలుగు కాళ్ళ గుర్తులు కార్పెట్ మీద గోడ పక్కన ఉన్నాయి. కిటికీ దగ్గర ఇంకా లోతు తక్కువ గుర్తులు నాలుగు.

“నాకు చెప్పి ఏం లాభం? ఆయనకి చెప్పండి” అని మళ్ళీ చీపురు తీసుకుంది.

బయటికి వెళ్ళాను. అతను ట్రక్కు వెనక పరుపులకి తాడు బిగిస్తున్నాడు. పాప మెట్టు మీద కూర్చుని చెప్పు బకిల్ పెట్టుకునే పనిలో ఉంది. నన్ను చూసి అతను చెమట తుడుచుకుని, “అన్నగారూ, ఈ ముడి చూడండి. ఆరు వందల మైళ్ళు ఆగుతుందంటారా?” అన్నాడు.

“నాకు తెలియదు” అన్నాను.

ఏదో జోకు వస్తుందని ఎదురుచూస్తూ నావైపు చూశాడు. జేబులోంచి రెండు తూటాలూ తీసి అతని అరచేతిలో పెట్టి, లోపల చెప్పినదంతా మళ్ళీ చెప్పాను. అతను మాత్రలు చూసినట్టు వాటిని బొటనవేలితో అటూ ఇటూ దొర్లించి చూశాడు.

“ఇందులో మా ఇంట్లోది ఏది?”

చూశాను. ఎంతసేపు చూసినా తెలియలేదు. ఆ మాటే చెప్పాను.

అతను రెంటినీ తన చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. తరవాత ఆ ముడి విప్పి, తాడు మొదటినుంచీ లాగి, కాలు ట్రక్కుకి తన్ని పట్టి మళ్ళీ బిగించాడు. అది ఆగుతుందో లేదో నన్ను అడగలేదు.